పదకొండు కన్నాలు

జూన్ 3, మంగళవారం

క్రేన్ ఆపరేటరు గారికి,

ఇంతకన్నా దగ్గరగా పిలవడానికి నాకింకా నోరు రావడం లేదు. మీ ఇంటికొచ్చి పద్దెనిమిది రోజులైంది. వచ్చింది మీ కోసం కాదు, నా కూతురి కోసం. కాన్పు అయ్యేదాకా మంచం దిగకూడదనీ, ప్రయాణాలు కూడవనీ, ముఖ్యంగా ఉలిక్కిపడే పని ఏదీ జరగకూడదనీ డాక్టరమ్మ చెప్పిందని తెలిశాక నా ఇంట్లో నేను కూర్చోలేకపోయాను.

అసలు సంగతికొస్తాను. నిన్న పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, గోడవార మీరు పేర్చిన కట్టెల గుట్టలోంచి పాము వచ్చింది. నా మణికట్టంత లావు, నాకన్నా పొడుగు. నన్ను చూసి అది ఆగింది. దాన్ని చూసి నేను ఆగాను. కాసేపటికి అది తన దారిన తీగల పందిరి కిందికి పోయింది. నేను మాత్రం బోర్లించిన బకెట్ మీద అలాగే కూలబడిపోయాను. ముప్పయ్యేళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసినదాన్ని, అరిచానంటే వీధి చివరిదాకా వినపడుతుంది. కానీ కిటికీ అవతలే పిల్ల పడుకుని ఉంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అందుకే ఉత్తరం రాయాల్సి వచ్చింది. మీరు ఆదివారం ఆదివారం సిగ్నల్ కోసం కొండెక్కి ఫోన్ చేస్తారు, ఆ ఫోనేమో పిల్ల దిండు పక్కన ఉంటుంది. రెండు గదుల ఇంట్లో నేను గుసగుసలాడినా దానికి వినపడుతుంది. మీ వంతెన పనికి సామాను తీసుకెళ్లే లారీ మంగళవారం, శుక్రవారం మన వీధి మలుపులో ఆగుతుందని ఎదురింటి కాంపౌండరు చెప్పాడు. డ్రైవరుతో మాట్లాడాను. మీ ఉత్తరం తెచ్చి నాకిస్తాడు, నాది తెచ్చి మీకిస్తాడు. పిల్లకు మాత్రం పాము ఊసు తెలియకూడదు.

తోట తోట అని అది మురిసిపోతుంటే ఏమో అనుకున్నాను. మోకాలెత్తు గడ్డి, పగిలిన కుండీలు, కట్టెల గుట్ట. పైగా పిట్టలకని గింజల పళ్లెం, దాని కింద ఎలుకల సంత. నెలాఖరులోగా ఈ పాము సంగతి తేలకపోతే పిల్లను నా ఇంటికి తీసుకుపోతాను. ప్రయాణం కూడదని డాక్టరమ్మ చెప్పింది, నాకు తెలుసు. మరి పాముతో కాపురం కూడుతుందా?

ఇట్లు,
వార్డెన్ (రిటైరైనా అంతే)


జూన్ 6, శుక్రవారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

కవరు మీద మీ చేతిరాత చూడగానే గుండె గుభేలుమంది. లోపల ఉన్నది పాము సంగతేనని తెలిశాక కొంచెం తెరిపినపడ్డాను. ఇది తప్పుగా రాశానేమో. తనకేమైనా అయిందేమోనని హడలిపోయానని నా ఉద్దేశం.

దయచేసి తనను మాత్రం కదిలించకండి. డాక్టరమ్మ ఆ మాట చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మీ ఊరికి దారంతా గతుకులే. తను ఆ దారిలో కూర్చుని వెళ్లడం తలుచుకుంటేనే నాకు చేతులు వణుకుతున్నాయి. క్రేన్ నడిపేవాడికి చేతులు వణకకూడదు.

మీరు రాసిన పొడుగు, లావు, పగటిపూట తిరగడం చూస్తే అది జెర్రిపోతు. నాకు తెలిసిన పామే, పోయిన వానాకాలం నుంచి చూస్తున్నాను. విషం లేదు. పడగ విప్పేది గానీ, ఒంటి మీద తెల్లటి కట్లున్నది గానీ కనపడితే మాత్రం దూరంగా ఉండి పాములు పట్టేవాళ్లను పిలిపించండి.

పామును బెదిరించి లాభం లేదు. తిండీ నీడా దొరక్కపోతే అదే పోతుంది. ముందు గింజల పళ్లెం తీసేయండి. గింజల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాము. ఆ పళ్లెం పెట్టిన ఘనుణ్ణి నేనే. గడ్డి బాగా పొట్టిగా కోయించండి. తీగల కింది కొమ్మలు జానెడు ఎత్తుదాకా కత్తిరించండి. కట్టెలు గోడవార నుంచి తీయించేయండి, ముందు పొడుగాటి కర్రతో కదిలించాకే చెయ్యి పెట్టాలి. వరండా గ్రిల్ కింద బెత్తెడు సందు ఉంది, దానికి ఏదైనా అడ్డు బిగించండి. మెట్ల కింద, గొట్టాల పక్కన కన్నాలుంటాయి, చిటికెనవేలు పట్టే కన్నమైనా సిమెంటుతో పూడ్చాలి. కన్నాల పని మాత్రం అన్నిటికన్నా ఆఖరున చేయండి. ఎందుకంటే

హారన్ కొడుతున్నాడు. మిగతాది మళ్లీ రాస్తాను.

మీ అల్లుడు


జూన్ 10, మంగళవారం

క్రేన్ ఆపరేటరు గారికి,

"నాకు తెలిసిన పామే" అని రాశారు. ఆ ముక్క చదివేసరికి ఒళ్లు మండిపోయింది. పోయిన వానాకాలం నుంచి తెలుసా? తెలిసీ, కడుపుతో ఉన్న పెళ్లాన్ని అదే ఇంట్లో వదిలి వంతెనలు కట్టడానికి పోయారా? విషం లేదట. నా కూతురు దాన్ని చూసి కెవ్వుమనే ముందు విషం ఉందా లేదా అని వాకబు చేస్తుందా?

కోపం సంగతి పక్కన పెట్టి పని సంగతి చెబుతాను. మీ ఉత్తరం రాకముందే కాంపౌండరు గోడవార చల్లమని కలరా ఉండలు తెచ్చాడు. మంచివాడే, కానీ ఆయన దగ్గర అన్నిటికీ ఒక మందు ఉంటుంది. చల్లాను. ఇల్లంతా బీరువా వాసన. "అమ్మా, ఎవరి పెళ్లికి వెళ్తున్నాం?" అంది పిల్ల మంచం మీద నుంచి. శుక్రవారం మధ్యాహ్నం పాము ఆ ఉండల మీదుగానే, బాత్‌రూమ్ గోడ వైపు, నింపాదిగా పోవడం కాంపౌండరే తన మేడ మీంచి చూశాడు. అప్పటి నుంచి ఆయన మందుల ఊసెత్తడం లేదు.

మీరు కన్నాలు ఆఖరున అన్నారు. ఎందుకో చెప్పలేదు. నేను మాత్రం మీ ఉత్తరం చదివి, కొంగు బిగించి, ఆ సాయంత్రమే మొట్టమొదట అవే పూడ్చాను. హాస్టల్లో చేరిన మొదటి వారంలో నేను నేర్చుకున్నది అదే. ముందు సందులన్నీ మూయాలి, క్రమశిక్షణ సంగతి తర్వాత. మెట్ల కింద మూడు, గొట్టం పక్కన రెండు, బాత్‌రూమ్ గోడకు బయటవైపు నాలుగు, వంటింటి తూము దగ్గర రెండు. మొత్తం పదకొండు. సిమెంటు నేనే కలిపాను. ఇక చీమ దూరదు.

శనివారం గడ్డి కోయించి, గింజల పళ్లెం తీసేశాను. పిచ్చుకలు కిటికీ మీద కూర్చుని నన్ను నానా మాటలూ అంటున్నాయి. కట్టెలు వీధి చివర టీ కొట్టు వాళ్లకు పొయ్యిలోకి ఇచ్చేశాను. అందులో నాలుగు చెక్కలు నున్నగా, తిన్నగా ఉంటే వాటిని ఉంచి, గ్రిల్ కింద సందుకు అడ్డంగా మేకులు కొట్టి బిగించాను. నాలుగు రోజులైంది, పాము జాడే లేదు.

ఒక మాట అడగనా? మూడేళ్ల క్రితం మా హాస్టల్ కొత్త మేడకు క్రేన్ తోలడానికి వచ్చారు మీరు. నా ఉద్యోగంలో ఒక్క పిల్లను గోడ దూకనివ్వలేదు నేను. చివరికి నా కూతురే వెళ్లిపోయింది. అదీ గోడ దూకి కాదు, గేటులోంచి, నాకు చెప్పి మరీ. వెళ్తే మళ్లీ రావద్దని నేనే గేటు వేసేశాను. ఇన్నాళ్లలో మీరొక్కసారైనా ఆ గేటు తట్టి ఉండొచ్చు కదా? ఇది రాయాలనుకోలేదు. కలం ఆగలేదు.

వార్డెన్


జూన్ 10, మంగళవారం, తెల్లవారుజామున

అత్తయ్యగారికి నమస్కారాలు.

మొన్న సగంలో ఆగిన మాట ముందు రాసేస్తాను. పాము బయట ఉందో లోపల ఉందో చూసుకోకుండా కన్నాలన్నీ పూడిస్తే అది లోపలే చిక్కిపోవచ్చు. బయటికి దారి లేకపోతే ఇంట్లోకి దారి వెతుక్కుంటుంది. బాత్‌రూమ్ గచ్చు కింద డొల్లగా ఉంది. నీళ్లతొట్టి పక్కన గచ్చు చిట్లింది కూడా. బాగుచేద్దాం, బాగుచేద్దాం అనుకుంటూనే ఇక్కడికి వచ్చేశాను. కాబట్టి కన్నాలన్నీ పూడ్చినా బాత్‌రూమ్ గోడకున్నది ఒకటి వదిలిపెట్టండి. దాని ముందు బూడిద పల్చగా పరచండి. పాము బయటికి పోయిన జాడ దాని మీద కనపడ్డాకే, వీలైతే కంటితో చూశాకే, ఆ కన్నం మూయండి. మేమూ బరువు దించే ముందు కింద ఎవరూ లేరని చూసుకున్నాకే దించుతాం.

ఇంకొక్క మాట. కట్టెల్లో నాలుగు టేకు చెక్కలుంటాయి. చిత్రిక పట్టి పెట్టాను, ఉయ్యాల చేద్దామని. తనకు కూడా చెప్పలేదు. వాటిని తడి తగలనిచోట పెట్టించండి.

మిమ్మల్ని మా ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి, కడుపునిండా భోజనం పెట్టాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. తీరా మీరొస్తే నేను లేను, పైగా మీ చేతికి పామును అప్పజెప్పాను. సిగ్గుగా ఉంది.

మీ అల్లుడు


జూన్ 11, బుధవారం

అత్తయ్యగారూ,

నిన్న సాయంత్రం మీ ఉత్తరం అందింది. పదకొండు కన్నాలని చదివి, తింటున్నవాణ్ణి లేచిపోయాను. లారీ చూస్తే ఎల్లుండి గానీ లేదు.

ఉండబట్టలేక ఇవాళ మధ్యాహ్నం కొండెక్కి ఫోన్ చేశాను. ఆదివారం కూడా కాదు కదా, ఏమిటి విశేషం అంది తను. మిమ్మల్ని పిలవమందామంటే ఏ సాకు చెప్పాలో తోచలేదు. "మీ అమ్మగారు ఏం చేస్తున్నారు?" అన్నాను. "నిన్నటి నుంచి బాత్‌రూమ్ తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. పైపు పగిలిందట. ఇప్పుడేమో పెరట్లో గోడకు మేకులు కొడుతోంది" అంది. పాము లోపలే చిక్కిందని నాకు అర్థమైపోయింది. ఏదో వాగి ఫోన్ పెట్టేశాను. 

పాము సంగతి తెలిసీ ఊరుకున్నది నిజమే. ఎలుకలు తగ్గుతాయి కదా అనుకున్నాను. అప్పటికి తను గర్భవతి కాదు. తర్వాతైనా తోట బాగుచేయాల్సింది. చేయలేదు. 

గేటు దగ్గరికి మాత్రం వచ్చానండీ. రెండుసార్లు. మొదటిసారి మీరు కిటికీ దగ్గరికొచ్చి తెర వేసేశారు. రెండోసారి లోపల లైటు ఆర్పేశారు. చూసీ వేశారనుకున్నాను. మీరు నన్ను చూడనే లేదేమోనని ఇప్పుడు, మీ ఉత్తరం చదివాక అనిపిస్తోంది.

రమ్మంటే మంగళవారం లారీకి వచ్చేస్తాను. వంతెనకు గర్డరు దూలం ఎత్తే పని మధ్యలో వదిలి వెళితే మళ్లీ క్రేన్ ఎక్కనివ్వనన్నాడు ఇంజనీరు. ఎక్కనివ్వకపోతే మానె.

మీ అల్లుడు


జూన్ 13, శుక్రవారం

అల్లుడుగారికి,

లారీ ఇప్పుడే మీ ఉత్తరం తెచ్చింది. డ్రైవరును ఆపి, గేటు దగ్గరే నిలబడి రాస్తున్నాను. ముందు అసలు ముక్క. పాము పోయింది. పిల్ల క్షేమంగా ఉంది. మీరు ఊపిరి తీసుకోండి.

మంగళవారం నా గొప్పలన్నీ రాసిన కవరు డ్రైవరు చేతికిచ్చి, ఆ చేత్తోనే మీ ఉత్తరం తీసుకుని చదివాను. అప్పటికే లారీ మలుపు తిరిగిపోయింది. నేను ఏం చేశానో తెలుసా? హాజరు తీసుకోకుండా గేటు వేశాను. ముప్పయ్యేళ్లు రోజూ సాయంత్రం పిల్లల తలకాయలు లెక్కపెట్టాకే తాళం వేసినదాన్ని, ఒక్కరోజు తప్పలేదు. ఈ ఇంట్లో తప్పాను. బాత్‌రూమ్‌లోకి వెళ్లి విన్నాను. గచ్చు కింద బరబరా చప్పుడు. తొట్టి పక్కన చిట్లినచోట మూతి ఒకటి పైకి వచ్చి, నన్ను చూసి లోపలికి పోయింది. ఆ గోడకు అవతలే నా కూతురి మంచం.

తలుపు వేసి, కింద సందులో తువ్వాళ్లు కుక్కాను. పైపు పగిలిందని చెప్పి తడిగుడ్డతో దాని ఒళ్లు తుడిచాను. పాములవాళ్లను పిలిస్తే వీధంతా వచ్చి కిటికీ ముందు నిలబడుతుంది. మీరు చెప్పిన దారే నయమనిపించింది. బుధవారం కాంపౌండరు దగ్గర ఉలి తెచ్చి, నేను పూడ్చిన కన్నాన్ని నేనే తవ్వాను. ఇంత గట్టిగా పూడ్చావేమే అని నన్ను నేనే తిట్టుకున్నాను. బూడిద టీ కొట్టు నుంచి తెచ్చాను. మీ కట్టెల బూడిదే.

నిన్న పది గంటలకు వచ్చింది. నేను దూరంగా ముక్కాలి పీట మీద కూర్చున్నాను. ముందు తల పెట్టి, అటూ ఇటూ చూసి, ఇక రావడం మొదలుపెట్టింది. ఎంతకీ తెగదు. తోక బయటపడ్డాక "ఒకటి" అని పైకే అన్నాను. గడ్డి లేదు, కట్టెలు లేవు, ఆగడానికి నీడ లేదు. బోసి నేల మీదుగా వెనక ఖాళీ స్థలంలోకి పోయింది. మేడ మీంచి కాంపౌండరు కొట్టండి, కొట్టండి అని సైగలు చేశాడు. పోతున్నదాన్ని కొట్టడమెందుకు? బూడిద మీద జాడ చూసుకుని, అప్పుడు కన్నం మూశాను. తొట్టి పక్కన గచ్చుకూ సిమెంటు పెట్టాను. ఆ తర్వాత పీట మీద కూర్చుని ఏడ్చాను. భయం వల్ల అనుకున్నాను, కాదు.

తెర వేసింది నేనే. లైటు ఆర్పిందీ నేనే. మిమ్మల్ని చూసే చేశాను. మీరు ఒక్కసారి తడితే తీద్దామనుకున్నాను, మీరు వెళ్లిపోయారు. ఆ పంతంలో మూడేళ్లు గడిచాయి. కూతురు బయటికి పోయిందనే చూసుకున్నాను గానీ, గేటు వేసుకుని లోపల మిగిలిపోయింది నేనేనని లెక్క చూసుకోలేదు. నన్ను క్షమించమని అడగడం నాకు చేతకాదు. అడిగానని అనుకోండి.

ఉయ్యాల చెక్కలు ఊడదీశాను. ఎనిమిది మేకుల కన్నాలు పడ్డాయి. గ్రిల్ కింద రబ్బరు పట్టీ బిగించాను. చెక్కలు నా మంచం కింద ఉన్నాయి. పిల్లను తీసుకుపోతానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు గర్డరు ఎత్తే రండి. ఇక్కడ నేనున్నాను.

ఇట్లు,
అత్తయ్య


జూన్ 17, మంగళవారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

పైన ఎనభై అడుగుల ఎత్తున క్యాబిన్‌లో కూర్చుని మీ ఉత్తరం విప్పాను. "అల్లుడుగారికి" అన్నచోటే ఆగిపోయాను. కింద నుంచి ఈలలు వేస్తున్నా వినపడలేదు. ఇంజనీరు తిట్టాడు. తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి.

మేకుల కన్నాలకు చెక్క బిరడాలు కొడితే సరిపోతుంది. అవి కనపడేలాగే ఉంచుతాను. గర్డరు నెలాఖరుకు ఎక్కుతుంది. జూలై నాలుగో తేదీ శుక్రవారం లారీలో వస్తాను. పాము సంగతి తనకు ఎప్పుడు చెబుదాం? తన దగ్గర ఏదీ దాచిన అలవాటు లేదు, ఆదివారాలు ఫోన్‌లో నాలుక కరుచుకోవాల్సి వస్తోంది. మీరు చెప్పమన్నప్పుడు చెబుతాను.

మీ అల్లుడు


జూలై 1, మంగళవారం

నాయనా,

నిన్న మధ్యాహ్నం నీకు కూతురు పుట్టింది. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు. నువ్వు వెంటనే కొండెక్కుతావు, ఫోన్‌లో నీ భార్యే చెబుతుంది, కానీ ముందు నా చేతిరాతతో నీకు తెలియాలని ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పసిదాని గొంతు నాదే. ఆయా రెండుసార్లు వచ్చి చూసిపోయింది, ఎవరు అరుస్తున్నారోనని.

ఇక భయం లేదు కదా అని పొద్దున నీ భార్యకు పాము కథంతా చెప్పాను. నవ్వి నవ్వి కుట్లు లాగుతున్నాయంది. దానికి మొదటి నుంచీ తెలుసట. నాకన్నా ఒకరోజు ముందే కిటికీలోంచి చూసిందట. చెబితే నేను తీసుకుపోతానని నోరు మెదపలేదు. నీ మొదటి ఉత్తరం తెచ్చిన రోజు నేను పెరట్లో ఉంటే, డ్రైవరు ఆ ఉత్తరాన్ని వీధి వైపు కిటికీలోంచి నీ భార్యకే ఇచ్చాడు. కవరు మీద నీ చేతిరాతతో నా పేరు చూసి, విప్పకుండా తిరిగి ఆయనకే ఇచ్చి, "మా అమ్మ చేతికే ఇవ్వండి, నేను చూసినట్టు చెప్పొద్దు" అందట. పైపు పగిలిందని చెప్పి, అదే పైపు నీళ్లతో దాని ఒళ్లు తుడిచానని ఇప్పుడు దెప్పుతోంది.

"గోడ అవతల పాముంటే భయం వేయలేదుటే?" అన్నాను.

"వేసింది. రాత్రీ పగలూ కడుపు మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. కానీ మూడేళ్లుగా ఒక్క పలకరింపు లేని మీరిద్దరూ వారానికి రెండు ఉత్తరాలు రాసుకుంటున్నారు. పాము పోయిన రోజు నీ మొహం చూస్తేనే తెలిసింది. అయ్యో, ఇంకొన్నాళ్లు ఉంటే బాగుండేదే అనుకున్నాను."

 పసిదాన్ని దాని పక్కలోంచి తీసి గుండెలకు హత్తుకుని, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

శుక్రవారం గేటు తీసే ఉంచుతాను. తట్టక్కర్లేదు, వచ్చేయి. ఉలీ సుత్తీ కాంపౌండరువి ఇక్కడే ఉన్నాయి, ఉయ్యాలకు పనికొస్తాయి. సెలవు అయిపోయి మళ్లీ పనికి వెళ్లాక, పాము లేకపోయినా ఉత్తరం రాయి.

మీ అత్తయ్య